ఉద్యోగుల సర్వీసు విషయాలకి మంత్రి ఎవరండీ? అర్జీ ఎవరికి రాయాలి?

రెండోబల్ల_గుమాస్తా
జూనియర్ అసిస్టెంటుగా చేరి ఆరేళ్ళు దాటింది. నాన్నగారు సర్వీసులో ఉండగా పోయారు, కారుణ్య నియామకం కింద వచ్చింది నాకు. ప్రొబేషన్ అంటే మూడేళ్ళ వ్యవధిలో రెండేళ్ళు డ్యూటీ చేయాలి, డిపార్ట్‌మెంట్ టెస్టులు పాసవ్వాలి. రెండూ టైములోనే పూర్తి చేశాను. ప్రొబేషన్ డిక్లేర్ చేస్తూ ఆర్డరు మాత్రం ఇప్పటికీ లేదు. ఆ ఒక్క కాగితం లేక మొన్న సెప్టెంబరు ప్రమోషన్ల ప్యానల్లో నా పేరు ఎగిరిపోయింది. నా తర్వాత ఏడాదికి చేరినావిడ సీనియర్ అసిస్టెంట్ అయిపోయి ఇప్పుడు నా ఫైళ్ళు చూస్తోంది. మా ఆవిడది వేరే శాఖ. ఆమెకీ ఇవే రూల్స్. టెస్టు పాసైన రెండు నెలలకి ఆర్డరు చేతికొచ్చింది.

విసుగొచ్చి ఒక మంత్రిగారి పేషీకి వెళ్ళి అర్జీ ఇచ్చాను. అక్కడాయన సగం చదివి "ఇది సర్వీసు మేటరు, సర్వీసు రూల్స్ జీఏడీవి, మా పరిధి కాదు" అని వెనక్కి ఇచ్చేశాడు. మరి జీఏడీకి మంత్రి ఎవరండీ అంటే నవ్వాడు. రైతుకో మంత్రి ఉన్నాడు, చేనేతకో మంత్రి ఉన్నాడు, దేవుడి భూములక్కూడా మంత్రి ఉన్నాడు. ఉద్యోగికెవరు? నా ప్రొబేషన్ గురించి ముఖ్యమంత్రికి రాయాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బాబాయ్
నవ్వక ఏం చేస్తాడు తమ్ముడూ. జీఏడీ అంటే సాధారణ పరిపాలన శాఖ. దాని మంత్రి ముఖ్యమంత్రే. 2024 జూన్‌లో శాఖలు పంచినప్పుడు చంద్రబాబు గారు తన దగ్గర ఉంచుకున్నవాటిలో మొదటిది జీఏడీ, తర్వాతే శాంతిభద్రతలు. అక్కడ రేవంత్ గారి దగ్గరా అంతే. ఎవరొచ్చినా ఆ కుర్చీ వదలరు.

కాఫీ_కప్పు
మానవ వనరుల శాఖ లోకేష్ గారి దగ్గర ఉందిగా? ఉద్యోగులు మానవ వనరులే కదా?

బెజవాడ_బాబాయ్
@కాఫీ_కప్పు అది చదువుల శాఖ నాయనా. బళ్ళు, కాలేజీలు. పేరు చూసి మోసపోకు.

కాఫీ_కప్పు
అంటే బడిలో ఉన్నంతకాలం మానవ వనరు, ఉద్యోగంలో చేరాక సాధారణ పరిపాలన. అర్థమైంది.

నోటుఫైలు_మాస్టారు
సచివాలయంలో ఎల్డీసీగా చేరి సెక్షన్ ఆఫీసరుగా దిగినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఏ విషయం ఏ మంత్రి చూడాలో చెప్పేవి బిజినెస్ రూల్స్. రాజ్యాంగం 166వ అధికరణం కింద గవర్నరు పేరుతో వస్తాయి. అందులో ప్రతి శాఖకీ ఒక జాబితా ఉంటుంది. సర్వీసు రూల్స్, ప్రవర్తనా నియమావళి, క్రమశిక్షణ, ఐఏఎస్ ఐపీఎస్‌ల పోస్టింగులు, సర్వీస్ కమిషన్ సంగతులు, ఇవన్నీ జీఏడీ ఖాతాలోవి. 1964 ప్రవర్తనా నియమాలు, 1991 సీసీఏ (క్రమశిక్షణ చర్యల) రూల్స్, 1996 స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ మనకి భగవద్గీత, బైబిలు, ఖురాను అనుకోండి. వాటికి అర్థం చెప్పే పూజారి జీఏడీ సర్వీసెస్ విభాగం.

అలాగని ఏ గుమాస్తా ఫైలైనా జీఏడీకి పోతుందనుకుంటే పొరపాటు. మీ శాఖ ఫైలు మీ శాఖాధిపతి నుంచి సచివాలయంలో మీ శాఖ కార్యదర్శికి వస్తుంది. రూలు అర్థం కాకపోతేనో, రూలు సడలించాలంటేనో ఆయన జీఏడీ అభిప్రాయం అడుగుతాడు. డబ్బు ముడిపడితే ఆర్థిక శాఖ, చట్టం ముడిపడితే న్యాయశాఖ. ముగ్గురూ తలో పేరా రాసి పంపుతారు. సడలింపు అయితే సర్క్యులేషన్లో ముఖ్యమంత్రి దాకా పోతుంది. నేను సెక్షన్లో ఉండగా ఒక్క నోటు ఫైలు, అంటే అభిప్రాయాలు రాసే భాగం, నాలుగు శాఖలు తిరిగి ఎనభై పేజీలై వచ్చింది. కరెంటు ఫైలు, అంటే అసలు ఉత్తరాలున్న భాగం, మాత్రం పన్నెండు పేజీలే.

జీఏడీని సీఎం ఎందుకు వదలరంటారా? ఐఏఎస్ బదిలీ ఉత్తర్వు అక్కణ్ణుంచే వస్తుంది. కలెక్టర్ని ఎవరు వేస్తారో జిల్లా వాళ్ళదే. మిగతా సర్వీసు గొడవంతా ఆ మూటతో పాటు వచ్చే చిల్లర.

కాఫీ_కప్పు
సెలవుల జాబితా కూడా జీఏడీయే కదా ఇచ్చేది మాస్టారూ? ఆ జీవో మాత్రం ఏ ఏడూ ఆలస్యం కాలేదు.

ఓరుగల్లు_టీచరమ్మ
మాస్టారు "చిల్లర" అన్నరు. ఆ చిల్లరలనే మా బతుకులున్నయి సార్.

2021 డిసెంబరులో 317 జీవో వచ్చింది గుర్తుందా? 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కొత్త జిల్లాలు, 7 జోన్లు, 2 మల్టీజోన్లకు ఉద్యోగులను సర్దాలన్నరు. సీనియారిటీ లిస్టు ముందర పెట్టి ఆప్షన్లు తీసుకున్నరు. సీనియర్లు పట్నం దగ్గరి జిల్లాలు తీసుకుంటే జూనియర్లను అడవి జిల్లాలకు పంపిన్రు. స్థానికత చూడలే. నేను పుట్టిన జిల్లా ఒకటి, చదివింది అదే, పోస్టు ఇంకో జిల్లాల. మా ఆయన ఇంకో శాఖ, ఆయనకు మూడో జిల్లా. రెండేళ్ళు పిల్లను మా అమ్మ సాకింది.

ఆ రెండేళ్ళల్ల నేను ఎవరికి దండం పెట్టాలో తెల్వలే. విద్యాశాఖ వాళ్ళను అడిగితే జీవో జీఏడీది అంటరు. జిల్లాల అడిగితే పైనుంచి లిస్టు వచ్చింది అంటరు. సీఎం దగ్గరికి పోయేటంత మనిషిని కాను. చివరకు 2024ల దామోదర రాజనరసింహ గారి అధ్యక్షతన మంత్రివర్గ ఉపసంఘం వేసిన్రు 317 బాధల కోసం. అంటే ఏంది? ఉద్యోగుల మాట వినేటందుకు ఒక మంత్రి కావాలని వాళ్ళే ఒప్పుకున్నట్టు. ఆ పనికి ఎప్పటికీ ఒక మంత్రిని పెడితే ఏం పోయింది?

తాళంచెవి_ఖజానాలో
మేడం గారి బాధ నిజం. కానీ వేరే మంత్రిని పెట్టినా వెలగబెట్టేదేమీ లేదు. ఉద్యోగి కోరేవి ఒక్కొక్కటీ చూడండి. డీఏ ఆర్థిక శాఖది. పీఆర్సీ, అంటే వేతన సవరణ, ఆర్థిక శాఖది. సరెండర్ లీవు బిల్లు, పీఎఫ్ లోను, కొత్త పోస్టు మంజూరు, అన్నీ వాళ్ళవే. అంతెందుకు, ఆంధ్రాలో బదిలీలపై నిషేధం ఎత్తేస్తూ ఏటా వచ్చే జీవో ఎవరిదో చూశారా? ఫైనాన్స్, హెచ్ఆర్-1, ప్లానింగ్ అండ్ పాలసీ. బదిలీల జీవో డబ్బుల శాఖ నుంచి ఎందుకొస్తుందో ఆలోచించండి.

రూలు రాసేవాడు ఒకడు, డబ్బిచ్చేవాడు ఇంకొకడు. వీళ్ళిద్దరి మధ్యలో ఉద్యోగుల మంత్రి అని మూడోవాణ్ణి కూచోబెడితే పాపం ఆయనే ముందు రాజీనామా చేస్తాడు.

మెరీనా_సుబ్బయ్య
చెన్నైలో ఉంటాను, ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం. తమిళనాడులో ఈ ప్రయోగం జరిగింది. ఇదివరకు పర్సనల్, పరిపాలనా సంస్కరణల శాఖ అనేవారు. 2021లో డీఎంకే వచ్చాక దాని పేరు మనితవళ మేలాణ్మై, అంటే మానవ వనరుల నిర్వహణ శాఖ అని మార్చారు. @కాఫీ_కప్పు గారూ, ఇక్కడ మాత్రం ఆ పేరుకి అసలు అర్థమే, చదువులు కాదు. ఇక్కడి సర్వీస్ కమిషన్ టీఎన్‌పీఎస్సీ కూడా దాని కిందకే వస్తుంది.

తమాషా ఏంటంటే దాన్ని పళనివేల్ త్యాగరాజన్ గారికి, అంటే ఆర్థిక మంత్రికే ఇచ్చారు. తాళంచెవి గారు చెప్పిన ఇద్దరూ ఒక్కడే అయిపోయాడు. తర్వాత ఆర్థిక శాఖతో పాటే తంగం తెన్నరసు గారికి వెళ్ళింది. 2024 సెప్టెంబరు మార్పుల్లో విడదీసి కయల్‌విళి సెల్వరాజ్ గారికి ఇచ్చారు. రెండు పద్ధతులూ చూశాం.

తాళంచెవి_ఖజానాలో
మరి ఏది బాగుంది?

మెరీనా_సుబ్బయ్య
ఆర్థిక మంత్రి దగ్గర ఉన్నప్పుడు "కాదు" అనే మాట త్వరగా వచ్చేది. అదీ ఒక మేలే లెండి. విడదీశాక మంత్రిని కలవడం తేలికైంది. మా సెక్షన్లో మాత్రం కుర్చీలు అవే, ఫైళ్ళు అవే.

సంఘం_సుబ్బారావు
ముప్పై ఏళ్ళు ఉద్యోగ సంఘంలో తిరిగినవాడిగా చెబుతున్నా. వేరే మంత్రి అనే మాట ఎత్తొద్దు. మనకి కావాల్సింది సంతకం పెట్టేవాడు. మధ్యవర్తి మంత్రి ఎవడైనా "ముఖ్యమంత్రి గారి దృష్టికి తీసుకెళ్తాను" అంటాడు తప్ప ఇంకో ముక్క చెప్పడు. ఆ ముక్క వినీ వినీ నాకు జుట్టు తెల్లబడింది.

ఆంధ్రాలో 2022 పీఆర్సీ గొడవే చూడండి. మధ్యంతర భృతి 27 శాతం ఇస్తూ ఫిట్‌మెంట్, అంటే అసలు జీతం పెంపు, 23 శాతం అన్నారు, ఇంటి అద్దె శ్లాబులు తగ్గించారు. కమిటీలతో ఎన్ని సార్లు కూర్చున్నాం? ఫిబ్రవరి 3న చలో విజయవాడకి జనం పోటెత్తాక రెండు రోజుల్లో చర్చలు కొలిక్కి వచ్చాయి. మంత్రుల కమిటీ వెనక సీఎం ఊ అన్నాకే ఏదైనా. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి (సీఎస్) అధ్యక్షతన ఉద్యోగ సంఘాలతో మాట్లాడే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉంది. దాన్ని క్రమం తప్పకుండా జరిపితే చాలు, కొత్త మంత్రి అక్కర్లేదు.

ఓరుగల్లు_టీచరమ్మ
@సంఘం_సుబ్బారావు ఆ కొలిక్కి వచ్చిన చర్చలను మీ దిక్కు టీచర్ సంఘాలు ఒప్పుకోలేదని మేము కూడా పేపర్ల చదివినం సార్.

సంఘం_సుబ్బారావు
అది వేరే కథ అమ్మా. మొదలెడితే ఈ పేజీ చాలదు.

పాలమూరు_పరశురాం
సంఘాల మాట వచ్చింది కాబట్టి. సకల జనుల సమ్మె 42 రోజులు చేసినం, 2011ల. అప్పటి నాయకుల్ల స్వామిగౌడ్ సార్ మండలి ఛైర్మన్ అయిండు. శ్రీనివాస్ గౌడ్ సార్ 2019ల మంత్రి అయిండు. ఉద్యోగుల నుంచి పోయిన మనిషి, ఉద్యోగుల శాఖ ఇస్తరేమో అనుకున్నం. ఏం ఇచ్చిన్రు? ఎక్సైజు.

కాఫీ_కప్పు
ఉద్యోగుల బాధ మరిచిపోయే శాఖే ఇచ్చారుగా.

బెజవాడ_బాబాయ్
😂😂 ఈ కాఫీ కప్పుని ఎవరైనా కడగండ్రా

పెర్త్_పంతులు
పశ్చిమ ఆస్ట్రేలియాలో ప్రభుత్వ ఉద్యోగిని. మీరంతా సీఎం దగ్గర ఉండటమే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. ఇక్కడా అంతే. పబ్లిక్ సెక్టార్ మేనేజ్‌మెంట్ మంత్రి అనే పదవి విడిగా ఉంది గానీ మార్క్ మెక్‌గోవన్ ప్రీమియర్‌గా, అంటే ఇక్కడి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అదీ ఆయనే చూశాడు.

తేడా వేరే చోట ఉంది. 1994లో పబ్లిక్ సెక్టార్ మేనేజ్‌మెంట్ చట్టం చేశారు. ఫలానా ఉద్యోగి ఎంపిక, నియామకం, బదిలీ, తొలగింపు లాంటి వ్యక్తిగత విషయాల్లో ఆ సంస్థ అధిపతి మంత్రి చెప్పినట్టు నడుచుకోవక్కర్లేదని అందులోనే రాశారు. విధానం వరకే మంత్రిగారి మాట. పైన పబ్లిక్ సెక్టార్ కమిషనర్ అని ఒకరుంటారు. నేను ఇక్కడ పదకొండేళ్ళుగా చేస్తున్నాను, మా మంత్రి పేరు అడిగితే ఫోన్లో వెతకాలి. గుంటూరులో మా మావయ్యకి మంత్రి పేరే కాదు, ఆయన పీఏ ఫోన్ నంబరూ, పీఏ బావమరిది ఊరూ తెలుసు.

తాళంచెవి_ఖజానాలో
అదీ అసలు మాట. మన దగ్గర కొత్త మంత్రి వస్తే సిఫార్సు లేఖలకి ఇంకో కౌంటర్ తెరిచినట్టే. బదిలీల సీజన్లో ఆ పేషీ ముందు టీ కొట్టు పెట్టుకున్నవాడు ఇల్లు కట్టుకుంటాడు.

పాలమూరు_పరశురాం
ఎమ్మెల్యే లెటర్ లేకుండ బదిలీ అయినోడు ఎవడన్న ఉంటే చేయి ఎత్తున్రి.

నోటుఫైలు_మాస్టారు
పరశురాం గారూ, బయటివాళ్ళ చేత ఒత్తిడి తేవడం ప్రవర్తనా నియమాల ప్రకారం తప్పే. ఆ రూలు ఉందని తెలిసి కూడా లేఖ జతపరిచిన అర్జీలు నేనే వేలు చూశాను. కింద "మాన్య శాసనసభ్యుల సిఫార్సు జతపరచడమైనది" అని వాళ్ళే నీట్‌గా టైపు చేసేవాళ్ళు. తప్పు చేసినట్టు రాతపూర్వకంగా ఒప్పుకోవడం!

ఇంకోటి. టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న చెప్పింది. అధికారులు నోటిమాట ఆదేశాల మీద నడవొద్దు, రాతలో తీసుకోండి, పోస్టులో కనీస కాలం ఉంచండి, సివిల్ సర్వీసెస్ బోర్డు పెట్టండి అని. అది ప్రధానంగా పైస్థాయి వాళ్ళ గురించి. కింద గుమాస్తాకి నోటిమాటే వేదం ఈనాటికీ.

కాఫీ_కప్పు
కేంద్రంలో మాత్రం దీనికి వేరే మంత్రి ఉన్నాడు కదా?

నోటుఫైలు_మాస్టారు
అక్కడా శాఖ ప్రధానమంత్రిదే. సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, పింఛన్ల మంత్రిత్వ శాఖ. కింద సహాయ మంత్రి ఉంటాడు, 2014 నుంచీ జితేంద్ర సింగ్ గారు. సంతకం పైవాడిది, వినే చెవి కిందివాడిది. టీచరమ్మ గారు అడిగేది ఆ చెవినే అనుకుంటా.

ఓరుగల్లు_టీచరమ్మ
అంతే సార్. వినేటోడు ఒకడుంటే చాలు. ఇచ్చుడు ఇవ్వకపోవుడు తర్వాత.

ఎనభైమూడు_బాధితుడి_కొడుకు
మీ చర్చ చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు. 1983లో రామారావు గారు వచ్చీరాగానే పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి దించేశారు. ఫిబ్రవరి ఆఖరుకి ఇంటికి పొమ్మన్నారు. నాన్నకి అప్పటికి 56. అక్క పెళ్ళికి ముహూర్తం పెట్టుకుని ఉన్నాం. నెల తిరక్కుండా ఒక్క ఉత్తర్వుతో వేలమంది రోడ్డున పడ్డారు. తర్వాత మళ్ళీ 58 చేశారు, కోర్టులు చుట్టూ తిరిగారు, కొంతమందికి కొంత న్యాయం జరిగింది. ఒక్కడి చేతిలో ఇంత అధికారం ఉంటే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు కేబినెట్‌లో ఉద్యోగుల తరఫున ఒక్క మంత్రి నోరు విప్పేవాడు ఉండుంటే? పెళ్ళి మాత్రం వాయిదా పడలేదు లెండి, మేనమామలు నిలబెట్టారు.

బెజవాడ_బాబాయ్
నోరు విప్పేవాడా? రామారావు గారి ముందా? 🙂

సంఘం_సుబ్బారావు
అదే చేత్తో పెంచడమూ జరిగింది కదండీ. 2014లో ఆంధ్రాలో 60, 2022 జనవరి నుంచి 62. తెలంగాణలో 2021లో 61. సంతకం ఒకటే ఉంటే ఇవ్వడమూ ఒక్క రోజులో అయిపోతుంది.

నిరుద్యోగి_నంబర్_1
62 చేసినప్పుడు మా వయసు సంగతి ఎవరైనా ఆలోచించారా సార్? మీరంతా లోపల కూచుని కిటికీ కోసం కొట్లాడుతున్నారు, మేము ఇంకా గేటు బయటే ఉన్నాం. మాకూ ఒక మంత్రి కావాలి.

సంఘం_సుబ్బారావు
@నిరుద్యోగి_నంబర్_1 నిజమే బాబూ. దానికి నా దగ్గర జవాబు లేదు.

రెండోబల్ల_గుమాస్తా
ఇన్ని తెలుసుకున్నందుకు సంతోషమే కానీ నా సంగతి ఎటూ తేలలేదు. సీఎంకి రాయనా వద్దా? ఫిర్యాదుల వేదికో, ఇంకోటో, ఏదో ఒకటి చెప్పండి.

నోటుఫైలు_మాస్టారు
తమ్ముడూ, నిన్ను మొదటే ఒక ప్రశ్న అడగాల్సింది, ఉపన్యాసంలో పడి మరిచిపోయాను. నీ నియామకపు ఆర్డరు మీద సంతకం ఎవరిది?

రెండోబల్ల_గుమాస్తా
మా జిల్లా అధికారిది.

నోటుఫైలు_మాస్టారు
మరింకేం. జూనియర్ అసిస్టెంటుకి నియామకాధికారి ఆయనే. ప్రొబేషన్ డిక్లేర్ చేయాల్సిందీ ఆయనే. సచివాలయంతో పనిలేదు, జీఏడీతో పనిలేదు, ఏ మంత్రీ అక్కర్లేదు. నువ్వు ఆరేళ్ళుగా ఎవరి కోసం వెతుకుతున్నావో ఆయన మీ పై అంతస్తులో కూచుని ఉంటాడు.

ఇప్పుడు ఈ పని చెయ్. నీ సర్వీసు రిజిస్టరు తీయించి చూడు. టెస్టులు పాసైన ఎంట్రీ, దాని నోటిఫికేషన్ తేదీతో సహా, పడిందా? పోలీసు విచారణ రిపోర్టు వచ్చిందా? చదువు సర్టిఫికెట్లు అసలువేనని యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చిందా? నూటికి తొంభై కేసుల్లో ఈ మూడింట్లో ఒకటి ఆగి ఉంటుంది. ఆర్డరు ఇప్పుడొచ్చినా ప్రొబేషన్ పూర్తయిన తేదీ పాతదే పడాలి. అది చూపించి ప్యానల్లో నీ పేరు మళ్ళీ పరిశీలించమని అడగొచ్చు. అప్పుడూ కాదంటే పై అధికారికి అప్పీలు. కోర్టు సంగతి ఆ తర్వాత.

తాళంచెవి_ఖజానాలో
మాస్టారూ, ఉద్యోగుల సర్వీసు కేసుల ట్రిబ్యునల్ ఉండుంటే నాలుగు వాయిదాల్లో తేలేది. రెండు రాష్ట్రాలూ ఎత్తేశాయి, ఇప్పుడు నేరుగా హైకోర్టే. జూనియర్ అసిస్టెంట్ జీతంతో హైకోర్టు వకీలు!

నోటుఫైలు_మాస్టారు
ట్రిబ్యునల్లో కూడా చూశాం లెండి ఆ వేగం.

ఓరుగల్లు_టీచరమ్మ
తమ్ముడూ, ముందుగాల రిజిస్టరు చూడు. మంత్రులను తర్వాత చూద్దువు.

రెండోబల్ల_గుమాస్తా
మూడు రోజుల తర్వాత రాస్తున్నా. రిజిస్టరు తీయించాను. టెస్టుల ఎంట్రీ ఉంది. పోలీసు రిపోర్టు ఉంది. డిగ్రీ సర్టిఫికెట్ అసలుదో కాదో చెప్పమని యూనివర్సిటీకి మా ఆఫీసు నుంచి లెటరు వెళ్ళింది, జవాబు రాలేదు. రిమైండరు ఎవరూ పంపలేదు. ఫైలు మీద "జవాబు కోసం వేచి చూడవచ్చు" అని రాసి బీరువాలో పెట్టారు. మా జిల్లాలో అప్పటికి ఈ-ఆఫీసు ఇంకా రాలేదు, అంతా కాగితాలే.

ఇంకో విషయం ఉంది, చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

కాఫీ_కప్పు
చెప్పు చెప్పు

బెజవాడ_బాబాయ్
ఆ సీటు ఆ సీనియర్ అసిస్టెంటు మేడందేనా?

రెండోబల్ల_గుమాస్తా
కాదు. ఆ ఏడాది డిస్పాచ్ సీటు నాది. ఆ లెటరుకి నంబరు వేసింది నేనే. డిస్పాచ్ రిజిస్టర్లో నా చేతిరాతే ఉంది. కవరు మీద అడ్రసు కూడా నేనే రాసుంటాను. రోజుకి అరవై కవర్లు, లోపల ఏముందో ఎవడు చూస్తాడు? నా ఫైలు నా చేతి మీదుగానే పోయింది.

కాఫీ_కప్పు
జీఏడీ మంత్రి దొరికాడు 🙏

పాలమూరు_పరశురాం
😂 ఆ కవరు మీద పిన్ కోడు సరిగ్గ రాసినవా అన్నా?

సంఘం_సుబ్బారావు
నవ్వకండి. అతని తప్పేముంది? జవాబు రాకపోతే నెలకో రిమైండరు వేయాల్సిన సీటు వేరే. ఆ సీటు మూడేళ్ళు ఖాళీగా ఉంటే పక్కవాడికి అదనపు బాధ్యత ఇచ్చి నడిపారనుకుంటా. పోస్టులు నింపకపోతే ఇలాగే ఉంటుంది.

రెండోబల్ల_గుమాస్తా
అవునండీ, ఇన్‌ఛార్జే. ఆయనకి మూడు సీట్లు.

ఓరుగల్లు_టీచరమ్మ
నీది బీరువాల దొరికింది తమ్ముడూ, మంచిదే. నాది బీరువాల లేదు. నా జిల్లా మార్చాలంటే ఏ జిల్లా అధికారితోని కాదు. అందుకే నేను నా మాట మీదనే ఉన్న. అందరి గోస ఒక్క సీఎం టేబుల్ మీద పెడితే ఎవరి గోస ఎప్పుడు చూస్తరు?

తాళంచెవి_ఖజానాలో
మేడం గారితో ఇక్కడ ఒప్పుకుంటాను. 317 లాంటివి గుమాస్తా చేతిలో లేవు. కానీ మంత్రి చేతిలో ఉంటాయనీ నమ్మకం లేదు నాకు. పెర్త్ పంతులు గారి చట్టం లాంటిది ముందు వస్తే, ఆ తర్వాత మంత్రి ఎవరైనా ఒకటే.

పెర్త్_పంతులు
చట్టం ఇక్కణ్ణుంచి పంపించమంటారా? కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటా.

కాఫీ_కప్పు
డిస్పాచ్ నంబరు మాత్రం మన గుమాస్తా గారితోనే వేయించండి.

నోటుఫైలు_మాస్టారు
రిమైండరు ఇప్పుడు పోస్టులో వేయకు. ఆఫీసు లెటరు చేతికి తీసుకుని నువ్వే యూనివర్సిటీకి వెళ్ళు, అక్కడ పరీక్షల విభాగంలో ఇచ్చి ముద్ర వేయించుకో. ఫీజు ఏదైనా ఉంటే చలానా కట్టి రసీదు జతచెయ్.

రెండోబల్ల_గుమాస్తా
సోమవారం వెళ్తున్నాను మాస్టారూ. క్యాజువల్ లీవు పెట్టాను. పై అంతస్తులో సంతకం కావాలట, కాగితం ఇంకా దిగలేదు.